నగరంలో పాతకాపుల చూపు: సిక్కోలు నుంచి వెళ్ళేవాళ్ళు దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి, ఎలా మెలగాలి

మా సిక్కోలుకు, అంటే శ్రీకాకుళం పట్టణానికి, రైలు లేదు. పట్టణం నుంచి హైదరాబాద్‌కు బయలుదేరే ప్రతి కుటుంబమూ ముందు ఆమదాలవలస చేరుకుని, శ్రీకాకుళం రోడ్డు అని పేరున్న స్టేషన్‌లో ఫలక్‌నుమా కోసమో, విశాఖ ఎక్స్‌ప్రెస్ కోసమో ఎదురుచూడాలి. ఆ ప్లాట్‌ఫారం మీద తల్లిదండ్రులు పిల్లలకు చెప్పే జాగ్రత్తలను నేను చాలా ఏళ్ళుగా వింటున్నాను. డబ్బు ఎక్కడ దాచుకోవాలో, ఎవరిని నమ్మకూడదో, దిగగానే ఎవరికి ఫోన్ చేయాలో చెబుతారు. అక్కడ పుట్టి పెరిగిన పాతకాపులు నిన్ను ఏ కంటితో చూస్తారు, ఆ చూపు ఎదురైతే ఏం చేయాలి అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు. హైదరాబాద్‌లో పదిహేడేళ్ళు ఉండి తిరిగి వచ్చిన తర్వాత, మా వీధి నుంచి, మా బంధువుల ఊళ్ళ నుంచి బయలుదేరే పిల్లలను కూర్చోబెట్టి నేను చెప్పే సంగతులనే ఇక్కడ రాస్తున్నాను. నాకు బాగా తెలిసింది హైదరాబాద్ కాబట్టి ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది.

బయలుదేరే ముందు, ఇంటి దగ్గరే

మొదటి పని రైలెక్కకముందే చేయాలి. మీ ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళను మీరు ఎలా చూస్తున్నారో ఒక వారం రోజులు గమనించుకోండి. శ్రీకాకుళం, విజయనగరం, రాజాం పట్టణాల్లో అపార్ట్‌మెంట్లు కడుతున్న చోట రేకుల షెడ్లలో ఉంటూ పనిచేసేవాళ్ళలో ఒడిశా, బీహార్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళందరినీ మనం ‘హిందీవోళ్ళు’ అనే ఒక్క మాటతో సరిపెడతాం. ఒడియా మాట్లాడే మనిషికి హిందీ మాతృభాష కాదని, మన ఇచ్ఛాపురం దాటగానే అతని రాష్ట్రం మొదలవుతుందని తెలిసి కూడా పట్టించుకోము. వీధిలో సైకిల్ పోతే మొదటి అనుమానం ఆ షెడ్డు మీదికే వెళుతుంది. వాళ్ళు గది అద్దెకు అడిగితే వంద ప్రశ్నలు వేస్తాం. అదే సమయంలో, వాళ్ళు ఒక్క పది రోజులు రాకపోతే స్లాబు పడదని కూడా మనకు తెలుసు. ఒకే మనిషి కావలసినవాడూ, అనుమానించదగినవాడూ ఎలా అవుతున్నాడో మీ మనసులో మీరే చూసుకుంటే, రేపు మీరు గది అడగబోయే ఇంటి యజమాని చూపు సగం అర్థమైనట్టే. ఈ పని చేయకుండా వెళ్ళినవాళ్ళు ఆ చూపును తమ ఒక్కరికే జరిగిన అవమానంగా తీసుకుని, మొదటి నెలలోనే మనసు విరిగి, నగరమంతా చెడ్డదనే నిర్ణయానికి వచ్చేస్తారు.

ఆ చూపు వెనకున్న చరిత్ర

రెండో పని, మీరు వెళ్ళే ఊరివాళ్ళ పాత గాయాలేమిటో తెలుసుకోవడం. హైదరాబాద్‌లో స్థానికుడు, బయటివాడు అన్న తేడా మన తరంలో పుట్టింది కాదు. నిజాం రాజ్యంలో 1884లో ఫారసీ భాష స్థానంలో ఉర్దూ అధికార భాష అయినప్పుడు ఉత్తరాది నుంచి వచ్చి ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్ళ మీద స్థానికులకు అసంతృప్తి కలిగింది. ‘ముల్కీ’ (స్థానికుడు), ‘గైర్ ముల్కీ’ (బయటివాడు) అనే మాటలు అలాంటి వాతావరణంలో బలపడ్డాయి. 1919 నాటికి, పదిహేనేళ్ళ నివాసం ఉన్నవాళ్ళకే ప్రభుత్వ ఉద్యోగం అనే నియమం వచ్చింది. 1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిన తర్వాత బయటి నుంచి వచ్చిన ఉద్యోగులకు వ్యతిరేకంగా 1952లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ‘ఇడ్లీ సాంబార్ గో బ్యాక్’ అనే నినాదం అప్పటిదే. 1956లో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలు కలిసేటప్పుడు ఉద్యోగాల విషయంలో ఇచ్చిన హామీలు నిలబడలేదన్న బాధతో 1969లో పెద్ద ఉద్యమం నడిచింది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది.

ఈ తేదీలను కంఠస్థం చేయమని నేను అడగడం లేదు. మీ ఇంటి యజమాని తండ్రి 1969లో కాలేజీ కుర్రాడై ఉండవచ్చు, యజమాని కొడుకు తెలంగాణ ఉద్యమంలో రోడ్డు మీద కూర్చుని ఉండవచ్చు. ‘ఆంధ్రోళ్ళు’ అన్న మాట వాళ్ళ నోట వచ్చినప్పుడు అందులో ఎన్ని తరాల కోపం ఉందో తెలిస్తే, దాన్ని మీ ఒంటికి పూసుకోకుండా ఉండగలుగుతారు. మన ఊళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది రెక్కల కష్టం మీద బతకడానికి వెళ్ళినవాళ్ళేనని మనకు తెలుసు. సెంట్రింగు చెక్కలు మోసినవాళ్ళు, రాడ్లు వంచినవాళ్ళు, హాస్టళ్ళలో వంట చేసినవాళ్ళు. ఈ సంగతి అక్కడివాళ్ళకు తెలియదు. వాళ్ళ దృష్టిలో ఇచ్ఛాపురం నుంచి నెల్లూరు దాకా అంతా ఒకటే ఆంధ్ర. దీని మీద వాదనకు దిగవద్దు. ‘మేమూ వెనకబడినవాళ్ళమేనండీ’ అని మొదటి రోజే మొదలుపెడితే అది సానుభూతి కోసం అడిగినట్టుంటుంది. మీ పని చూసి, మీ మాట విని వాళ్ళే ఆ తేడా కనిపెట్టాలి, అందుకు కొంత కాలం పడుతుంది.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. హైదరాబాద్‌లో పాతకాపులంటే ఒక్క జాతి కాదు. పాతబస్తీలో తరతరాలుగా ఉర్దూ మాట్లాడే కుటుంబాలున్నాయి. నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చిన అరబ్బుల సంతతి బార్కస్‌లో ఉంది. సైనికుల బ్యారక్సే ఆ పేటకు పేరైంది. మార్వాడీలు, మరాఠీలు, సికింద్రాబాద్ కంటోన్మెంట్ వెంట వచ్చిన తమిళులు ఉన్నారు. పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి వచ్చి బస్తీలు కట్టుకున్నవాళ్ళున్నారు. వీళ్ళందరూ ఏదో ఒక కాలంలో కొత్తవాళ్ళే. అందుచేత ‘హైదరాబాదీలు మమ్మల్ని ఇలా చూస్తారు’ అని ఒక్క వాక్యంలో తేల్చకుండా, మీ ముందున్న మనిషి ఏ పొరకు చెందినవాడో చూసుకోండి.

నోరు విప్పగానే

మనల్ని పట్టించేది మన బట్టలు కాదు, మాట. నేను మొదటిసారి బోరబండలో గది అడగడానికి వెళ్ళినప్పుడు ఆ ఇంటి పెద్దాయన ‘యాడికెళ్ళి వచ్చినవ్?’ అన్నారు. ఎక్కడికి వెళ్ళి వచ్చావని అడుగుతున్నారనుకుని, అమీర్‌పేట వెళ్ళి వచ్చానని చెప్పాను. ఏ ఊరి నుంచి వచ్చావు అని దాని అర్థం. సంగతి తెలిసి ‘సిక్కోలు నుంచండి’ అన్నాను. ‘అది ఆంధ్రల ఉందా, ఒరిస్సల ఉందా?’ అని ఆయన నిజంగానే తెలియక అడిగారు. అప్పుడు నాకు చిన్నతనంగా అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, తెలియక అడిగిన ప్రశ్నకూ ఎగతాళికీ తేడా చూడలేకపోవడం నా లోపమే.

కాబట్టి మొదటి రెండు మూడు నెలలు వాళ్ళ మాట వినడానికి కేటాయించండి. కొన్ని మాటలు ముందే తెలిస్తే చాలా ఇబ్బందులు తప్పుతాయి. అద్దెను అక్కడ ‘కిరాయి’ అంటారు. కొట్లో అరువు పెట్టడం ‘ఉద్దెర’. మన ఆనపకాయ అక్కడ సొరకాయ, మన గోంగూర పుంటికూర, మన చోళ్ళు తైదలు. ‘పైలం’ అంటే జాగ్రత్త. అన్నిటికంటే ముందు నేర్చుకోవలసింది ‘పోవడం’ అన్న మాట. మన దగ్గర ఒక మనిషి ‘పోయాడు’ అంటే చనిపోయాడని. ఊరికి వెళ్ళాడని చెప్పాలంటే ‘వెళ్ళాడు’ అనే అంటాం. తెలంగాణలో ‘పోయిండు’ అంటే మామూలుగా వెళ్ళాడని. మా నాన్నగారు నన్ను చూడడానికి వచ్చి తిరిగి రైలెక్కిన మర్నాడు ఇంటి పెద్దాయన నా గది ముందు ఆగి ‘మీ నాయన పోయిండా?’ అని అడిగారు. నేను గుండె ఝల్లుమని, ఆ కంగారులో ఆయనతో పరుషంగా మాట్లాడాను. ఆయన అడిగింది మా నాన్న క్షేమంగా బయలుదేరారా అని. ఆ అపార్థం తీరడానికి నెల పట్టింది, తప్పు పూర్తిగా నాది.

మన మాట కూడా వాళ్ళకు అలాగే తగులుతుంది. మన ఊళ్ళో ‘బాబూ’, ‘బావూ’ అని పిలవడం మర్యాద. వయసులో పెద్దవాడిని కూడా అలా పిలుస్తాం. హైదరాబాద్‌లో యాభై ఏళ్ళ ఆటో డ్రైవర్‌ను ‘బాబూ’ అంటే తనను పిల్లవాడిని చేసి మాట్లాడుతున్నారనుకోవచ్చు. అక్కడ ‘అన్నా’ అనండి, సరిపోతుంది. ‘గుంట’ అన్న మాట ఊళ్ళోనే వదిలి వెళ్ళండి. మనకు అది ఆడపిల్లను పిలిచే ముద్దు మాట కావచ్చు గాని, బయట విన్నవాళ్ళకు అది చులకనగానే వినిపిస్తుంది.

అలాగని వారం తిరగకుండా వాళ్ళ యాసను అనుకరించకండి. ఈ తప్పు చాలామంది కుర్రాళ్ళు చేస్తారు. మొన్న వచ్చినవాడు ఈరోజు ‘ఏంది కాకా’ అంటుంటే విన్నవాళ్ళకు వెక్కిరిస్తున్నట్టే ఉంటుంది. తెలుగు సినిమాల్లో ఏళ్ళ తరబడి తెలంగాణ యాసను హాస్యానికో, విలన్ నోటికో వాడుకున్నారు. ఆ బాధ వాళ్ళకు ఇంకా పచ్చిగానే ఉంది. మన ఉత్తరాంధ్ర యాసకు జరిగింది కూడా అదే కదా. పనిమనిషి, అమాయకుడు, తెలివితక్కువవాడు తెర మీదికి వస్తే వాళ్ళ నోట మన ‘ఏటి’, మన ‘ఓలమ్మో’ వినిపించేవి. ఈ విషయం ఒకసారి ఇంటి పెద్దాయనతో మాటల సందర్భంలో చెబితే, ఆయన మొదటిసారిగా నన్ను గదిలోకి రమ్మని చాయ్ ఇప్పించారు. ఇద్దరి మాటనూ ఒకే చోట నవ్వులపాలు చేశారన్న సంగతి మమ్మల్ని కలిపినంతగా మరేదీ కలపలేదు. మీ మాట మీరు మాట్లాడండి, వాళ్ళ మాట శ్రద్ధగా వినండి. అవసరమైన చోట వాళ్ళ పదం వాడండి. కిరాయి అనండి, ఉద్దెర అనండి. యాస దానంతటదే ఎంత కలవాలో అంత కలుస్తుంది.

కిరాయి ఇల్లు

నగరవాసి మిమ్మల్ని దగ్గరగా చూసేది కిరాయి ఇంట్లో. పెళ్ళికాని కుర్రాళ్ళకు ఇల్లు ఇవ్వమని చాలా చోట్ల మొహం మీదే చెబుతారు. దాని వెనక భయాలు సామాన్యమైనవే: అర్ధరాత్రి శబ్దం, ఇద్దరని చెప్పి ఆరుగురు దిగడం, నీళ్ళ మోటారు, చెప్పకుండా ఖాళీ చేయడం. ఈ నాలుగింటికీ మీరు ముందుగానే జవాబు ఇవ్వగలిగితే, తలుపు వేయబోయిన చెయ్యి ఆగుతుంది. ఎంతమంది ఉంటారో నిజం చెప్పండి. ఊరి నుంచి మనవాళ్ళు పరీక్షకో, ఆసుపత్రికో వస్తే ఒక రోజు ముందు యజమానికి చెప్పండి. మన ఊళ్ళో చుట్టం వస్తే ఎవరికీ చెప్పనక్కరలేదు. అక్కడ చెప్పకపోతే దాన్ని దాచిపెట్టడం అంటారు.

నీళ్ళ సంగతి మన పిల్లలకు అసలు తెలియదు. నాగావళి ఒడ్డున, వంశధార కాలువల పక్కన పెరిగినవాళ్ళం, లేదా ఇంట్లో నుయ్యి ఉన్నవాళ్ళం. హైదరాబాద్‌లో చాలా పేటల్లో తాగునీరు రోజు విడిచి రోజు, అది కూడా కొద్ది సేపే వస్తుంది. దాన్ని పాతవాళ్ళు ఇప్పటికీ ‘మంజీరా నీళ్ళు’ అని, బోరు నీళ్ళ నుంచి వేరుచేసి మాట్లాడతారు. కొత్తగా దిగినవాడు మంజీరా నీళ్ళతో బట్టలు ఉతికితే ఇంటామె చూసే చూపులో ప్రాంతం, భాష ఏవీ ఉండవు. అందులో ఉన్నది వచ్చే రెండు రోజుల బిందెల లెక్క. దిగిన రోజునే నీళ్ళు ఏ వేళకు వస్తాయో, ఏ కుళాయి దేనికో అడిగి తెలుసుకోండి. నా అనుభవంలో, కొత్త కిరాయిదారు గురించి ఇంటివాళ్ళు ఒక అభిప్రాయానికి వచ్చేది ఆ మొదటి వారంలో, ఆ కుళాయి దగ్గరే.

వంట గురించి కూడా చెప్పాలి. మనం ఊరి నుంచి ఎండు నెత్తళ్ళు, ఉప్పు చేపలు కట్టి పంపుతాం. కిటికీ ఒక్కటే ఉన్న గదిలో అవి వేయిస్తే మూడు అంతస్తులూ ఎక్కుతుంది ఆ వాసన. మాంసం తినే ఇళ్ళవాళ్ళు కూడా ఎండు చేపల వాసన అలవాటు లేక ఇబ్బంది పడతారు. మానేయమని నేను అనను, మన నోటికి అది కావాలి. పగటి పూట, తలుపులు తీసిపెట్టి, పక్కవాళ్ళకు ఒక మాట చెప్పి వండుకోండి. ఊరి నుంచి వచ్చేటప్పుడు పలాస జీడిపప్పు అరకిలో తెచ్చి ఇంటివాళ్ళకు ఇవ్వండి. దాన్ని లంచంలా మొదటి రోజే ఇవ్వకుండా, ఊరికి వెళ్ళి వచ్చినప్పుడు ఇవ్వండి. ఊరి నుంచి ఏదైనా తెచ్చి ఇవ్వడం ఎక్కడైనా చుట్టరికమే.

‘మీరు ఏమోళ్ళు?’ అని కులం అడిగే యజమానులు ఇప్పటికీ ఉన్నారు. ఈ విషయంలో నేను మెత్తగా రాయలేను. ఆ ప్రశ్న తప్పు. దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత మీకు లేదు, మరో కులం పేరు చెప్పుకుని భయంతో బతకవలసిన అవసరమూ లేదు. గుమ్మంలోనే ఆ ప్రశ్న వేసిన ఇల్లు లోపలికి వెళ్ళాక ఇంకా ఎన్నో అడుగుతుంది, మరో ఇల్లు చూసుకోండి. డబ్బు విషయంలో మాత్రం ఎవరి దగ్గరా మొహమాటపడవద్దు. హైదరాబాద్‌లో సాధారణంగా ఒకటి రెండు నెలల కిరాయి అడ్వాన్సుగా తీసుకుంటారు. ఎంత ఇచ్చారో, ఖాళీ చేసేటప్పుడు ఎంత కోసుకుంటారో పదకొండు నెలల ఒప్పంద పత్రంలో రాయించుకోండి. నా అడ్వాన్సులో సగం, రంగు వేయించాలన్న పేరుతో, తర్వాత ఉన్న ఒక ఇంట్లో పోయింది. కాగితం లేదు కాబట్టి అడగడానికి నోరు లేదు.

పని దగ్గర

రాజ్యాంగం 19వ అధికరణం దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు మనకు ఇచ్చింది. ఆ హక్కు మీ వెనక గోడలా ఉండనివ్వండి గాని, ప్రతి మాటకూ ముందుకు తెచ్చి చూపించకండి. పని దగ్గర స్థానికుడి కోపం దాదాపు ఎప్పుడూ కూలి రేటు చుట్టూ తిరుగుతుంది, అందుకు మన పెద్దల కథే పెద్ద సాక్ష్యం.

రంగూన్‌ను మన ముసలివాళ్ళు ‘రంగం’ అనేవారు. మన తీరం నుంచి వేలమంది ఓడల్లో రంగం వెళ్ళి రేవులో బరువులు మోశారు. బర్మావాళ్ళు వాళ్ళను ‘కొరంగీలు’ అన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వచ్చిన ఆ మాటలో, ఏ జిల్లావాడైనా ఒకటే అన్న చూపు ఉంది. 1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే యజమానులు బర్మా కూలీలను దింపారు. సమ్మె పరిష్కారమై తెలుగువాళ్ళు పనిలోకి తిరిగి రాగానే బర్మావాళ్ళను పొమ్మన్నారు. ఆ కోపం యజమాని మీదికి వెళ్ళలేదు. పక్కనున్న కొరంగీ మీద పడింది, అల్లర్లు చెలరేగి ఎందరో చనిపోయారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడిన తర్వాత ఎన్నో కుటుంబాలు కాలినడకన తిరుగుముఖం పట్టాయి.

ఈ చరిత్ర నుంచి నేను నేర్చుకున్న పని పద్ధతి ఒకటి ఉంది. లేబర్ అడ్డాలో నిలబడేవాళ్ళు, మేస్త్రీ కింద వెళ్ళేవాళ్ళు, అక్కడి రోజు కూలి ఎంతో స్థానిక కూలీలనే అడిగి తెలుసుకోండి. ఆకలిగా ఉన్నా, మొదటి రోజైనా, ఆ రేటు కంటే తక్కువకు ఒప్పుకోవద్దు. మేస్త్రీ మన ఊరివాడే అయి, ‘మనవాళ్ళకు పని దొరకడమే గొప్ప’ అన్నా ఒప్పుకోవద్దు. తక్కువకు చేసే కూలీని పెట్టుకున్నవాడు లాభపడతాడు, పక్కనున్న పాలమూరు కూలీ మాత్రం మిమ్మల్ని తన ఇంటి పొయ్యి ఆర్పినవాళ్ళుగా చూస్తాడు, ఆ చూపులో న్యాయం ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కూర్చునేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. అందరూ ఆరింటికి లేచి వెళ్ళే చోట మీరొక్కరే రోజూ తొమ్మిదింటి దాకా కూర్చుంటే, అది కష్టపడే గుణమని మీరు అనుకుంటారు. పక్కవాళ్ళు దాన్ని తమ మెడ మీద కత్తిగా చూస్తారు.

ముందు వెళ్ళిన మనవాళ్ళు

ఎక్కువ నొప్పి కలిగించే చూపు మాత్రం పుట్టు నగరవాసుల దగ్గర నాకు ఎదురుకాలేదు. అది పదేళ్ళ ముందు వెళ్ళి, కూకట్‌పల్లిలోనో, మియాపూర్‌లోనో ఫ్లాటు కొనుక్కున్న మనవాళ్ళ దగ్గర ఎదురైంది. తాము ఎంతో శ్రమపడి వదిలించుకున్న యాస మీ నోట వింటే వాళ్ళకు భయం కలుగుతుంది. నలుగురిలో ఉన్నప్పుడు ‘కొంచెం మంచి తెలుగు మాట్లాడరా’ అంటారు. దూరపు బంధువైన ఒక పెద్దమనిషి, వాళ్ళ పిల్ల పుట్టినరోజుకు పిలిచి, మా ఊరి పేరు ఎవరికీ చెప్పవద్దని, విశాఖపట్నం అని చెప్పమని నన్ను కోరాడు. నేను చెప్పాను కూడా. ఆ రోజు తిన్న భోజనం నాకు ఇప్పటికీ గుర్తుంది. మీకు అలాంటి స్థితి వస్తే ఊరి పేరే చెప్పండి. సోంపేట అయితే సోంపేట, కవిటి అయితే కవిటి. ఆ ఊళ్ళున్న ఉద్దానం ప్రాంతం పేరు అనగానే కిడ్నీ జబ్బు గురించి అడిగేవాళ్ళు ఉంటారు. తెలిసినంత వరకు నెమ్మదిగా చెప్పండి, అది అంటువ్యాధి కాదని కూడా చెప్పండి, ఎందుకంటే ఆ భయంతో దూరం జరిగేవాళ్ళను నేను చూశాను. కొందరు పెద్దవాళ్ళు శ్రీకాకుళం పేరు వినగానే 1960ల చివరి గిరిజన పోరాటం గుర్తు తెచ్చుకుని కళ్ళు పెద్దవి చేసుకుంటారు. ఊరి పేరు దాస్తే ఈ రెండు సంగతులూ వాళ్ళతో మాట్లాడే అవకాశమే పోతుంది.

వేరే నగరాలకు వెళ్ళేవాళ్ళకు

విశాఖపట్నంలో మన మాటే నడుస్తుంది, అక్కడి చూపులో ప్రాంతం కంటే డబ్బు తేడా ఎక్కువ. 1933లో ఓడరేవు మొదలైనప్పటి నుంచి ఆ ఊరు వచ్చినవాళ్ళతోనే పెరిగింది కాబట్టి కలిసిపోవడం సులువు. బెంగళూరులో ప్రశ్న ఒక్కటే, కన్నడం. 1980ల్లో గోకాక్ ఉద్యమం భాష కోసమే నడిచిన చోట, ‘స్వల్ప స్వల్ప బరుత్తె’ (కొంచెం కొంచెం వస్తుంది) అని తడబడుతూ అన్నవాడికి దొరికే ఆదరణ, అయిదేళ్ళుండి ఒక్క ముక్క నేర్చుకోనివాడికి దొరకదు. పదేళ్ళున్నా తెలుగుతోనే సరిపెట్టుకోగలగడం అక్కడ ఘనతగా చెప్పుకోకండి. అడ్వాన్సుగా పది నెలల అద్దె అడిగే వాడుక అక్కడ చాలా కాలం ఉంది, ఆ లెక్కతో వెళ్ళండి. ముంబైలో 1966లో శివసేన పుట్టినప్పుడు కోపం దక్షిణాదివాళ్ళ మీద ఉండేది, తర్వాతి కాలంలో అది ఉత్తరాదివాళ్ళ వైపు మళ్ళింది. గుజరాత్‌లోని వెరావల్‌కు పడవల మీద పనికి వెళ్ళే మన మత్స్యకారులకు మాత్రం స్థానికుల చూపు కంటే సముద్రంలో సరిహద్దు రేఖ పెద్ద ప్రమాదం. 2018 నవంబరులో 22 మంది ఆంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కిన సంగతి మన తీరం మరిచిపోలేదు.

ఓటు, పండుగ, చావు

కొన్నేళ్ళు గడిచాక నగరవాసి మీ గురించి వేసే ప్రశ్న మారుతుంది. వీళ్ళు ఇక్కడివాళ్ళా, ఇక్కడ సంపాదించి అక్కడికి వెళ్ళిపోయేవాళ్ళా అని చూస్తాడు. సంక్రాంతికి నగరం ఖాళీ అయినప్పుడు, ఓటు వేయడానికి ఊరికి బస్సులు కట్టుకుని వెళ్ళినప్పుడు ఆ ప్రశ్న పైకి వస్తుంది. 2024 మే 13న రెండు రాష్ట్రాల్లోనూ ఒకే రోజు పోలింగు జరిగింది, ఎక్కడ వేయాలో ప్రతి ఒక్కరూ తేల్చుకోవలసి వచ్చింది. రెండు చోట్ల పేరు ఉంచుకోవడం 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం కుదరదు. స్థిరంగా ఉండదలచుకుంటే ఫారం 8 పెట్టి ఓటు అక్కడికి మార్చుకోండి, ఉండదలచుకోకపోతే ఊళ్ళోనే ఉంచుకోండి. ఏది చేసినా నిజం చెప్పండి. రేషన్ కార్డు కోసం తొందరపడి అక్కడివాళ్ళతో పోటీకి దిగవలసిన పని లేదు. 2019 ఆగస్టు నుంచి ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల మధ్య ఒక చోటి కార్డుతో మరో చోట బియ్యం తీసుకునే ఏర్పాటు మొదలైంది.

సంక్రాంతికి ఊరికి రండి, రావాలి. ఆషాఢంలో మాత్రం అక్కడే ఉండండి. గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి దగ్గరికి, అక్కడి నుంచి లాల్‌దర్వాజకు సాగే బోనాలు మనకు పరాయి పండుగ కాదు. పైడితల్లమ్మకు ఘటాలు ఎత్తే విజయనగరం పిల్లకు బోనం ఎత్తిన ఆడమనిషి తల మీద ఏముందో ఎవరూ చెప్పనక్కరలేదు. మా ఇంటామె బోనం తయారుచేస్తున్నప్పుడు మా అమ్మ అక్కడే ఉండి, మన ఘటానికి పసుపు ఎలా రాస్తామో చెప్పింది. ఆ సాయంత్రమంతా ఇద్దరూ అమ్మవార్ల కథలు చెప్పుకున్నారు. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమైంది.

పెళ్ళికి పిలిస్తేనే వెళ్ళండి, చావుకు పిలవకపోయినా వెళ్ళండి. ఇది మన దగ్గరా, అక్కడా ఒకటే. నేను ఆ ఇంట్లో చేరిన ఆరో ఏట పెద్దాయన రాత్రి పూట హఠాత్తుగా చనిపోయారు. కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు. తెల్లవారేసరికి ఐస్ పెట్టె తెప్పించడం, వచ్చేవాళ్ళకు కుర్చీలు వేయించడం, డాక్టరు కాగితం కోసం తిరగడం, పాడె ఒక వైపు పట్టడం, ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే చేశాను, మా ఊళ్ళో పక్కింట్లో ఎవరు పోయినా చేసేవే కనుక. పదకొండో నాటి కర్మకు వచ్చిన వాళ్ళ చుట్టాలలో ఒకరు నన్ను చూపించి ఎవరని అడిగితే, ఆ ఇల్లాలు ‘మా సిక్కోలు పిల్లగాడు’ అంది. ఆ మాట వినడానికి నాకు ఆరేళ్ళు పట్టింది కాబట్టి, మొదటి ఏడాదిలో వినబడలేదని సామాను సర్దుకోకండి.